కేకులావిడ భర్త, నాలుగు స్ప్రింగులు

ఆ ఉదయం సూపర్‌వైజర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కారుని జాకీ ఎక్కించాలి. ఎనిమిదింటికల్లా పాత స్ప్రింగులు ఊడదీయాలి, పదింటికల్లా కొత్తవి బిగించాలి. ఆ తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య చేసిన నాలుగంతస్తుల కేకుని సాయంత్రం అయిదింటికి హోటలుకి చేర్చాలి. ఫోనులో వీడియో పెట్టిన మనిషి ఈ పనంతా పద్దెనిమిది నిమిషాల్లో, తెల్ల చొక్కా మాయకుండా చేసేశాడు. తనకి రెండు గంటలు చాలు. ఎందుకైనా మంచిదని నాలుగు కేటాయించుకున్నాడు.

సూపర్‌వైజర్ అనేది ఇప్పుడు మాటవరసకే. ఇరవయ్యేళ్లు ఆయన అజమాయిషీ చేసిన ప్రింటింగు ప్రెస్సు మూతబడి రెండేళ్లయింది. మూతబడిన నెలకే భార్య వంటింట్లో కేకులు మొదలుపెట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె వీధి మొత్తానికి కేకులావిడ అయింది, ఆయన కేకులావిడ భర్త అయ్యాడు. పాలవాడికీ అంతే, పోస్టుమాన్‌కీ అంతే. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, కాంపౌండరు తలుపు తీసి "కేకులావిడ భర్త ఎవరండీ? లోపలికి రండి" అని కేకేశాడు. మందు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాడు సూపర్‌వైజర్.

ఇంట్లో ఆయనకంటూ మిగిలిన ఉద్యోగం ఒక్కటే, కేకుల్ని కారులో చేర్చడం. పోయిన నెల దానికీ ఎసరొచ్చింది. మూడంతస్తుల కేకు ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండంతస్తులయింది. భార్య ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తనూ నాలుగు అని తేలికపడేవాడు. ఆమె మాత్రం ఊడిపడ్డ అంతస్తుని గరిటెతో డబ్బాలోకి ఎత్తుకుంటూ, "హోటలు ఆర్డరుకి వ్యాను మాట్లాడదామా అండీ?" అని మెల్లిగా అడిగింది. హోటలు వాళ్లకి ఈ కేకు నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ల కేకులన్నీ ఆమెవే. వ్యానంటూ గుమ్మంలోకి వస్తే, తన చేతిలో ఉన్న స్టీరింగు కూడా పోతుంది. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

తప్పు స్ప్రింగులదని తీర్మానించి, మూడు వారాలు వీడియోలు చూసి, కాయిలోవర్లు తెప్పించాడు. కాయిలోవర్ అంటే షాక్ అబ్జార్బరుకి చుట్టూ స్ప్రింగు తొడిగి ఉంటుంది. దాని కింద మరలున్న ఒక రింగు. రింగు తిప్పితే బండి ఎత్తు మనిష్టం. కట్టుదిట్టంగా బిగించి వచ్చినవి కాకుండా, విడి భాగాలే తెప్పించాడు. ఎవరో బిగించినది తనెందుకు వాడాలి?

"ఇవాళే పెట్టుకోవాలా ఈ పని?" అంది భార్య, అంచులకి క్రీము పులుముతూ.

"ఇవాళ్టి కోసమే కదా పెట్టుకుంది! సాయంత్రం నువ్వే చూద్దువుగాని. కారులో వెళ్తున్నామా, పడవలో వెళ్తున్నామా అని అనుమానం వస్తుంది నీకు."

ఆమె ఏదో అనబోయి, మళ్లీ క్రీము మీదికి వంగింది.

మొదటి చక్రం దగ్గరే పథకం నెమ్మదించింది. పన్నెండేళ్ల నట్టు తుప్పుతో పాతుకుపోయింది. వీడియోలో మనిషి రెండు వేళ్లతో తిప్పిన నట్టుని ఈయన రెండు కాళ్లు తన్నిపెట్టి తిప్పినా కదల్లేదు. సుత్తి తీశాడు. ధణేల్మని ఒక్కటి వేయగానే వంటింట్లోంచి పెద్ద కేక వినిపించింది. కారు షెడ్డు గోడే వంటింటి గోడ. ఆ గోడకి ఆనించిన బల్ల మీద ఆవిడ చక్కెర పూలకి రేకులు అతుకుతోంది.

"దెబ్బ వేసే ముందు చెప్పండీ! చెయ్యి తీసేస్తాను!"

అలా ఒక ఒప్పందం కుదిరింది. ఆయన సుత్తి ఎత్తి "వేస్తున్నా!" అంటాడు. ఆవిడ పువ్వు మీంచి చెయ్యి తీసి, "ఊఁ, వెయ్యండి!" అంటుంది. ధణేల్. మళ్లీ "వేస్తున్నా!" మళ్లీ "వెయ్యండి!" ఒక్కోసారి రేకు పగిలితే "అయ్యో దేవుడా!" అన్న ఏడుపు కూడా కలిసేది. పన్నెండేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ ఇంత సఖ్యంగా పని చేసింది ఇదే మొదటిసారి.

పైవాటాలో అద్దెకుండే నర్సు గారు రాత్రి డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకుంది. ఆవిడకి దెబ్బలు వినిపించాయి, దెబ్బకి ముందు మగగొంతు హెచ్చరిక వినిపించింది, దెబ్బ తర్వాత ఆడగొంతు ఏడుపు వినిపించింది. ఉద్యోగం లేని మగవాళ్లు ఎలా తయారవుతారో ఆసుపత్రిలో చాలా చూసింది ఆవిడ. అవసరానికి ఉంటుందని కేకులావిడ ఎప్పుడో ఇచ్చిన తన అన్నగారి నంబరుకి ఫోను చేసి, "వెంటనే రండి, సుత్తి వాడుతున్నాడు" అని పెట్టేసింది.

అన్నగారు అరగంటలో ఊడిపడ్డాడు. భారీ మనిషి, గేటు తియ్యడం కూడా తోసేసినట్టే తీశాడు. సుత్తి పట్టుకుని కారు కింద నుంచి బయటికి వస్తున్న చెల్లెలి భర్త కాలర్ పట్టుకుని లేవదీశాడు.

"ఏం బావా! మా చెల్లెలి మీద సుత్తి ఎత్తుతావా?"

"నట్టు మీద ఎత్తాను బావా! నట్టు మీద!"

కేకులావిడ చేతినిండా క్రీముతో పరుగెత్తుకొచ్చి సర్ది చెప్పేసరికి పావుగంట పట్టింది. అన్నగారి ముఖం కందగడ్డలా అయింది. కాలర్ సరిచేశాడు, చొక్కా దులిపాడు, అయినా సిగ్గు తీరక, "ఏదైనా పని చెప్పు బావా, ఊరికే కూచోలేను" అన్నాడు. సూపర్‌వైజర్‌కి ఎన్నాళ్లకో తన కింద ఒక మనిషి దొరికాడు. ప్రాణం లేచొచ్చింది.

"ముందు ఈ చోటంతా శుభ్రం చెయ్యి బావా. పని జరిగే చోటు అద్దంలా ఉండాలి. మా ప్రెస్సులో అయితే నేల మీద కాగితం ముక్క కనబడితే ఊరుకునేవాణ్ణి కాను."

మధ్యాహ్నం రెండింటికి కొత్త స్ప్రింగులు నాలుగూ ఎక్కాయి. ఇక మిగిలింది ఎత్తు సరిచూడటం. ఇక్కడే సూపర్‌వైజర్ తన బుర్రంతా ఉపయోగించాడు. ఖాళీ కారుకి ఎత్తు సరిచేస్తే బరువెక్కాక కుంగదా? అందుకని రెండు పంచదార బస్తాలు తెచ్చి డిక్కీలో పెట్టాడు. అవి కేకు బదులు. వెనక సీట్లో బావగారిని కూచోబెట్టాడు. ఆయన భార్య బదులు. బావగారు చెల్లెలికి రెండింతలు ఉంటాడన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. ప్రెస్సు నుంచి గుర్తుగా తెచ్చుకున్న రసమట్టం డిక్కీలో పెట్టి, గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా రింగులు బిగిస్తూ పోయాడు. వెనక రింగులు ఇంక తిరగమనేదాకా బిగించాడు. బుడగ నడిమికొచ్చి ఆగింది.

"చూశావా బావా! వెంట్రుకవాసి తేడా లేదు!"

"కాళ్లు పట్టేశాయి, దిగనా?" అని బావగారు దిగాడు. కారు వెనక భాగం జానెడు పైకి లేచింది. బుడగ ఒక్క పరుగున గొట్టం చివరికి పోయి నక్కింది.

సూపర్‌వైజర్ కాసేపు బుడగని చూశాడు, కాసేపు బావగారిని చూశాడు. "సాయంత్రం నువ్వూ మాతో రావాలి బావా" అన్నాడు చివరికి.

ఒకసారి వీధి చుట్టూ తిప్పి చూద్దామని బయల్దేరారు. వెనక సీట్లో బావగారు రెండు చేతులతో గ్లాసుడు నీళ్లు పట్టుకున్నాడు. గ్లాసు తొణక్కపోతే కేకు కదలదని లెక్క. మొదటి స్పీడ్ బ్రేకర్ రానే వచ్చింది. ఎప్పుడూ వెళ్లే వేగంతోనే వెళ్లాడు సూపర్‌వైజర్. అంత బిగించిన స్ప్రింగు స్ప్రింగులా ఉండదు, ఇనప దిమ్మలా ఉంటుంది. బావగారి నెత్తి కారు కప్పుకి కొట్టుకుంది, నీళ్లు ముందు అద్దానికి కొట్టుకున్నాయి, డిక్కీలో ఒక బస్తా పిగిలింది. డిక్కీ కిందిపలకకి ఎప్పటిదో తుప్పు చిల్లు ఉంది. అక్కణ్ణుంచి గేటుదాకా పంచదార సన్నటి ధారగా రోడ్డు మీద గీత గీసుకుంటూ వచ్చింది.

గేటు దగ్గర కేకులావిడ నిలబడి ఉంది. మూడున్నరయింది. కారుని చూసింది, దాని కింద పేరుకుంటున్న పంచదార కుప్పని చూసింది, నెత్తి పట్టుకున్న అన్నని చూసింది.

"కంగారు పడకు," అన్నాడు సూపర్‌వైజర్. "పాతవి మళ్లీ తగిలించేస్తా. గంట పని. బావా, ఇక్కడ గోడవార పెట్టానే, పాత స్ప్రింగులు, అవేవి?"

బావగారు నీళ్లు నమిలాడు. "నువ్వే కదా బావా అద్దంలా ఉండాలన్నావు. పాతసామాన్లవాడు వెళ్తుంటే పిలిచి ఇచ్చేశాను. పాపం, చాలా సంతోషించాడు."

నాలుగంతస్తుల కేకు లోపల బల్ల మీద ఉంది. ఏడాది పొడుగు ఆర్డరు దాని మీద ఉంది. తను గుమ్మంలో కారుని కట్టెలా చేసి నిలబెట్టాడు. "నా వల్లే పోయింది," అన్నాడు. ఆ మాట పైకి అన్నందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు.

"ఏమీ పోలేదు లెండి," అంది ఆమె నేల చూస్తూ. "వ్యాను వీధి చివర ఉంది. నిన్ననే చెప్పి ఉంచాను."

నిన్ననే. అంటే పొద్దున్న ఆరింటికి తను జాకీ ఎక్కించేటప్పటికే ఈమె నిర్ణయం అయిపోయింది. ఆ తర్వాతంతా చిన్నపిల్లవాడికి ఆటసామాను ఇచ్చి కూచోబెట్టినట్టే. ఆయనకి కోపం కన్నా ముందు సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు మింగుడుపడక కోపం తెచ్చుకున్నాడు.

వ్యాను వచ్చింది. దిగిన డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. "నమస్తే సూపర్‌వైజర్ గారూ! గుర్తుపట్టారా? మీ దగ్గర కాగితాలు మోసేవాణ్ణి."

రెండేళ్లలో ఆయన్ని ఆ పేరుతో పిలిచిన మొదటి మనిషి. ఆ ఆనందం అనుభవించే తీరిక కూడా లేకుండా సూపర్‌వైజర్ వంగి వ్యాను కింద చూశాడు. తుప్పుపట్టిన పట్టీలు, అందులో ఒకటి విరిగి ఉంది. విజయగర్వంతో లేచాడు.

"చూడు! స్ప్రింగు పట్టీ విరిగిపోయి ఉంది! ఈ డొక్కు బండిలోనా కేకు పంపించేది? నేనొప్పుకోను!"

"అయితే మీరూ కేకు పక్కన కూచోండి," అంది భార్య. "పడిపోతుంటే పట్టుకోవచ్చు."

అలా కేకు పక్కన, చెక్కపలక పట్టుకుని, పడిపోవడం కోసం కాచుకుని కూచున్నాడు. లోపల ఎక్కడో పడిపోవాలనే ఉంది. అది ఆయనకి తెలుసు. తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వ్యాను నడిచే మనిషికన్నా కొంచెం వేగంగా వెళ్లింది. స్పీడ్ బ్రేకర్ రాగానే పూర్తిగా ఆగింది, తర్వాత ముందు చక్రాలు ఒకటొకటిగా ఎక్కి దిగాయి, మళ్లీ ఆగింది, వెనక చక్రాలు ఎక్కి దిగాయి. వెనకనుంచి హారన్లు మోగినా డ్రైవరు తల తిప్పలేదు. పది నిమిషాల దారికి నలభై నిమిషాలు పట్టింది. హోటలు ముందు తలుపు తీసేసరికి నాలుగంతస్తులూ నిటారుగా ఉన్నాయి. చక్కెర పువ్వులో ఒక్క రేకు కదల్లేదు.

"ఈ బండితో ఎలా తెచ్చావురా?" అన్నాడు సూపర్‌వైజర్.

"మీరు నేర్పిందే కదా సార్," అన్నాడు డ్రైవరు మనస్ఫూర్తిగా. "తడి కాగితాలు మోస్తూ నేను పరిగెడితే మీరు చెవి మెలేసేవారు. 'సిరా ఆరలేదు, అడుగు చూసి వెయ్యరా' అని. అదే అలవాటయిపోయింది."

అంత మంచి మాట ఎప్పుడన్నాడో సూపర్‌వైజర్‌కే జ్ఞాపకం లేదు.

కేకులావిడ లోపలినుంచి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. ఏడాది ఆర్డరు ఖాయమయింది. డ్రైవరుతో "రేపటినుంచి నువ్వే రావాలి" అని చెప్పి, భర్త పక్కన మెట్టు మీద కూచుంది.

"తప్పు స్ప్రింగులది కాదు కదూ?" అన్నాడాయన.

"కాదండీ. స్పీడ్ బ్రేకర్ కనబడితే చాలు, దానితో పాతకక్ష ఉన్నట్టు వెళ్తారు మీరు."

"మొదటే చెప్పొచ్చుగా?"

"ఇంట్లో మీది అనుకునే పని అదొక్కటే మిగిలింది," అందామె. "అదీ నా నోటితో తీసేయమంటారా?"

ఇద్దరూ హోటలు గేటులోంచి వచ్చే పోయే కార్లని చూస్తూ కూచున్నారు.

తర్వాత నాలుగురోజులు స్పీడ్ బ్రేకర్ నుంచి వాళ్ల గేటుదాకా పంచదార గీత వెంబడి చీమలు బారులు తీరాయి. కారు వెనక భాగం పైకెత్తుకుని షెడ్డులోనే ఉంది. సూపర్‌వైజర్ రోజూ ఒక రింగు వదులు చేస్తాడు, ఒక రింగు బిగిస్తాడు, వ్యాను వెళ్లే వేళకి లోపలికి వెళ్లిపోతాడు. బడికి వెళ్లే పిల్లలు ఆగి చూస్తారు, నర్సు గారు మేడ మీంచి జాలిగా చూస్తుంది.

వారం తిరక్కుండా వీధిలో ఆయన్ని కేకులావిడ భర్త అనడం అందరూ మానేశారు, స్ప్రింగులాయన అంటున్నారు.