గేటు బయట విడిచి రావలసిన భాష

పిల్లల నోరు మూయించడానికి బెత్తం అక్కర్లేదు. వాళ్ల ఇంటి భాషను గేటు దగ్గర ఆపేస్తే చాలు. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మా వీధి బడి పెద్ద టీచరమ్మది.

ఆ బడిలో సగంమంది వలస వచ్చినవాళ్ల పిల్లలు. ఒక్క వరండాలో అయిదు దేశాల భాషలు. తలనొప్పి రాక ఏమొస్తుంది? అందుకని బడి భాష తప్ప మరోటి వినపడితే ఇంటర్వెల్ కట్ అని ఆవిడ రూలు పెట్టింది. వారం తిరిగేసరికి చీమ చిటుక్కుమన్నా వినిపించేంత క్రమశిక్షణ!

అందరిలోకీ ఆణిముత్యం మూడో తరగతి పిల్ల ఒకతె. నోరు తెరిస్తే ఎక్కడ ఇంటి మాట దొర్లుతుందోనని ఏడాదిగా బడిలో పెదవి విప్పలేదు. కడుపునొప్పి వచ్చిన రోజున కూడా బల్ల మీద తల వాల్చిందే తప్ప కిక్కురుమనలేదు. ప్రోగ్రెస్ కార్డులో టీచరమ్మ ‘ప్రవర్తన చాలా బాగు’ అని రాసింది. కింది గడిలో ‘మందమతి, వేరే తరగతికి పంపాలి’ అని కూడా రాసింది. రెంటికీ కారణం ఒకటేనని ఆవిడకు తట్టలేదు. పెద్దవాళ్లకు అన్నీ తట్టాలని ఎక్కడుంది?

పంపాలంటే తల్లి సంతకం కావాలి. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ తల్లి సెలవు పెట్టి వచ్చింది. ఆమెకు బడి భాష రాదు, టీచరమ్మకు ఆమె భాష రాదు. గదిలో రెండూ వచ్చింది మందమతికే.

“నీకు బుర్రకెక్కడం లేదని మీ అమ్మకి చెప్పమ్మా.”

“మా భాషలో చెప్పొచ్చా టీచర్?”

“ఈ ఒక్కసారికి చెప్పు.”

పిల్ల ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. తల్లి ముఖం కందగడ్డయింది. ఏకబిగిన ఏదో అంది. పిల్ల తల వంచుకునే, బడి భాషలో తడుముకోకుండా అప్పజెప్పింది.

“అమ్మ మాటలే చెప్తున్నా టీచర్. ‘ఇంట్లో మా పిల్ల నోరు మూతపడదు. తమ్ముడికి లెక్కలు చెప్తుంది. కరెంటాఫీసులో నా బదులు అదే మాట్లాడుతుంది. డాక్టరు దగ్గర నా నొప్పి కూడా అదే చెప్తుంది. మరి దాని నొప్పి మీకు చెప్పుకోడానికి నోరెందుకు రాలేదు?’”

టీచరమ్మ సంతకం కాగితాన్ని సొరుగులోకి తోసి, “ఉన్న తరగతిలోనే ఉండనీ” అంది.

రూలు ఎత్తేశారా అంటారా? అబ్బే, చెక్కుచెదరలేదు. కాకపోతే ఇప్పుడు ఆ భాషవాళ్లు ఎవరొచ్చినా ఆఫీసు నుంచి ఆ పిల్లకే పిలుపు. ఆ అయిదు నిమిషాలూ రూలు వర్తించదట.

ఇంటి భాష బడికి పనికిరాదన్నది ఎవరు? బడికి బ్రహ్మాండంగా పనికొస్తోంది. పిల్లలకే ఇంకా అనుమతి రాలేదు.