పెన్సిల్‌తో రాసిన ఆరుగురు

గురువారం పొద్దున ఏడు గంటలకు గురవయ్య చినిగిన తువ్వాలతో ఆటో తుడుస్తూ ఆ రోజు పనిని మనసులో సర్దుకుంటున్నాడు. రోజూలాగే ఊళ్లోని ఆరుగురు పిల్లలను ఎక్కించుకోవాలి. కానీ ఆళ్లగడ్డలోని ప్రైవేటు బడికి తీసుకుపోకుండా, ఓ గంటసేపు ఊళ్లోని సర్కారు బడిలో కూర్చోబెట్టాలి. అంతే.

నంద్యాల నుంచి బడి నాణ్యత చూసి మార్కులు వేసే సారు వస్తున్నాడు. పిల్లలు ఇరవై మందికి తగ్గితే బడి ఎత్తేసి, హైవే అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. ఉన్నది పద్నాలుగు మంది. అందులో గురవయ్య కూతురు సిరి ఒకతి, మూడో తరగతి. బడి పోతే ఆ పిల్ల రోజుకు రెండుసార్లు లారీల మధ్య రోడ్డు దాటాలి. తాను దాటిద్దామంటే ఆ వేళకు ఆటోతో ఆళ్లగడ్డలో ఉంటాడు. పోయిన ఏడాది అదే చోట వాళ్ల మేకను లారీ గుద్దేసింది. డ్రైవరు బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు.

పైగా గురవయ్య తల్లిదండ్రుల కమిటీ చైర్మన్. అయిదో తరగతిలో బడి మానేసిన మనిషిని చైర్మన్ ఎందుకు చేశారంటే, ఆ రోజు మీటింగుకు అందరికంటే ఆలస్యంగా వచ్చింది అతనే. అప్పటికే తక్కినవాళ్లంతా తప్పించుకున్నారు.

"ఏందీ నువ్వు చేసే పని? ఆ పిల్లోళ్ల నాయనలకు తెలిస్తే?" అంది భార్య దానమ్మ. బడిలో మధ్యాహ్నం వంట చేసేది ఆమే.

"ఎట్ల తెలుస్తాది? సారు తొమ్మిదికొస్తాడు, పదికి పోతాడు. పంచరైందని చెప్పి పిల్లోళ్లను ఆళ్లగడ్డలో దింపేస్తా."

"నువ్వు అనుకున్నెది ఎప్పుడన్నా అయినాదా?"

గురవయ్య ఆటో స్టార్ట్ చేశాడు. నలభై ఆరేళ్లలో ఒక్కసారీ కాలేదు.

సర్కారు బడి ముందు ఆటో ఆపి, ఆరుగురి మెడల్లోంచీ టైలు విప్పి సీటు కింద కుక్కాడు. హెడ్మిస్ట్రెస్ ప్రమీల వాళ్లను చూసి తల పట్టుకుంది. "రిజిస్టర్లో ఉండేది పద్నాలుగే కదన్నా!"

"ఈ ఆరు పేర్లూ పెన్సిల్‌తో రాయి టీచరమ్మా. సారు పోయినాక రబ్బరుతో చెరిపేద్దాం."

ఇరవై ఏళ్లుగా పైవాళ్లు అడిగిందల్లా రాసి రాసి ప్రమీలకు వాదించే ఓపిక పోయింది. పెన్సిల్ చెక్కుకుని రాసేసింది.

తొమ్మిదికి రావాల్సిన డేనియల్ సారు దారిలో శిరివెళ్లలో టిఫిన్ తిని, టీ తాగి, పదిన్నరకు దిగాడు. దిగీదిగగానే, "ఈ ఆరుగురి యూనిఫాం వేరేగా ఉందేం?" అన్నాడు.

"కొత్తగా చేరినారు సార్. ప్రైవేటు బడి మాన్పించి ఈడికి తెచ్చినారు," అన్నాడు గురవయ్య. నోట్లోంచి మాట అదే జారింది.

సారు కళ్లు మెరిశాయి. "ప్రైవేటు నుంచి సర్కారు బడికా? ఈ మండలంలో ఇదే మొదటిసారి వింటున్నా." ముందు వరసలో ఉన్న బొద్దు పిల్లవాణ్ణి పిలిచాడు. ఊళ్లో పెద్ద రైతు మద్దిలేటి కొడుకు, కిరణ్. "మీ టీచర్ పేరేంటి బాబూ?"

"వందన మిస్."

"పాత టీచర్ని మర్చిపోల్యా సార్," అన్నాడు గురవయ్య. "విశ్వాసం గల పిల్లోడు."

సారు రెండో తరగతి తెలుగు వాచకం తెరిచి చేతికిచ్చాడు. "ఉడుత చెట్టెక్కింది" అని రాసి ఉంది. కిరణ్ అక్షరాలను చూశాడు, పైకప్పును చూశాడు, చివరికి బొమ్మను చూసి "స్క్విరల్!" అని అరిచాడు. తక్కిన అయిదుగురికీ అదే స్క్విరల్. సారు మొహం చిట్లించి సిరికి పుస్తకమిచ్చాడు. సిరి ఉడుతను చెట్టెక్కించి, కాయ తినిపించి, పేజీ తిప్పి పాఠమంతా చదివేసింది.

"అందుకే మాన్పించినార్ సార్ ఆడ," అన్నాడు గురవయ్య. తన అబద్ధానికి ఇంత బలం ఉందని అతనికే తెలియదు.

"అందరినీ ఒప్పించి తెచ్చిందెవరు?"

గురవయ్యకు ఒక్క పేరే తట్టింది. "మద్దిలేటన్న సార్. కిరణ్ వాళ్ల నాయన."

"అలాంటి మనిషిని చూడాల్సిందే. ఫోన్ చేయండి."

"తోటలో ఉంటాడు సార్, సిగ్నల్ అందదు..."

ఆ మాట పూర్తవకముందే గేటు దగ్గర బుల్లెట్ బండి ఆగింది. పిల్లవాడు బడికి రాలేదని ఆళ్లగడ్డ నుంచి మద్దిలేటికి మెసేజ్ వచ్చింది. గురవయ్యకు పదిసార్లు ఫోన్ కొట్టాడు. ఆ ఫోన్ ఆటోలో, టైల పక్కన, మోగి మోగి అలిసిపోయింది. వెతుక్కుంటూ వస్తే సర్కారు బడి ముందు ఆటో కనబడింది.

"ఒరేయ్ గురవయ్యా! నా కొడుకు యాడరా? నిన్నీడనే పూడ్చిపెడ్తా!"

సారు ఎదురెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరేనా మద్దిలేటి గారు? సొంత బిడ్డను ప్రైవేటు బడి మాన్పించి, ఊరందరినీ సర్కారు బడికి మళ్లించారు. మీలాంటి నాయకుడు ఊరికొకడుంటే చాలు!"

రాబోయే ఎన్నికల్లో సర్పంచుగా నిలబడాలని మద్దిలేటి నెల కిందటే ఫ్లెక్సీ కట్టించాడు. గేటు బయట అప్పటికి పాతిక మంది పోగయ్యారు. గురవయ్య కాలరు కోసం లేచిన చేయి గాలిలోనే నమస్కారమైంది.

"ఏదో... నాకు చేతనైంది," అన్నాడు మద్దిలేటి.

సారు కిరణ్ చేత మళ్లీ చదివించాడు. మళ్లీ స్క్విరలే. సిరి చదువుతుంటే మద్దిలేటి నోరు తెరుచుకుని విన్నాడు. గురవయ్య చెవి దగ్గరికి వంగి, "మూడేండ్లుగా టై కట్టుకోని పోతాండాడు కదరా. వానికి ఉడుత గూడా రాదా?" అన్నాడు.

"నేను తోలేవాణ్ణే అన్నా. చెప్పేవాణ్ణి గాదు."

అప్పుడే సారు రిజిస్టర్ తెరిచాడు. "టీచర్ గారూ, ఈ ఆరు పేర్లు పెన్సిల్‌తో రాశారేం?"

ప్రమీల గురవయ్యను చూసింది. గురవయ్య సిరిని చూశాడు. సిరి ఇంకా పుస్తకంలోనే ఉంది. మద్దిలేటి గేటు బయటి జనాన్ని ఒకసారి, కొడుకును ఒకసారి చూసి జేబులోంచి పెన్ను తీశాడు.

"రాయమ్మా, పెన్నుతో. రోంత గట్టిగా రాయి."

ఊరందరినీ ఒప్పించాడని సారు అన్నాడు కాబట్టి, సాయంత్రానికల్లా మద్దిలేటి తక్కిన అయిదిళ్లకూ తిరిగి నిజంగానే ఒప్పించాడు కూడా. బడికి మంచి మార్కులు పడ్డాయి. ఆ రాత్రి గురవయ్య చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు అలవాటు కొద్దీ మద్దిలేటి ఇంటి ముందు హారన్ కొట్టాడు. కిరణ్ బ్యాగు తగిలించుకుని బయటికొచ్చాడు.

"బడి ఈడనే కదన్నా. నడిచి పోతా."

తక్కిన అయిదిళ్ల ముందూ అదే మాట. గురవయ్య ఆటో తెచ్చి బడి ముందు ఆపాడు. లోపల ఇరవై గొంతులు ఉడుత పాఠం చదువుతున్నాయి. దానమ్మ పొయ్యి దగ్గర్నుంచి తొంగిచూసి, "ఏంప్పా, ఇంగా ఆళ్లగడ్డకు పోలేదా?" అంది.

గురవయ్య సీటు కింద నుంచి ఆరు టైలు తీసి, ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.