రాణికి సీటొచ్చింది

"మా శిశువిహార్ రూళ్లలో చీమ దూరే సందు కూడా లేదు!" అని పటమట మహిళా సంఘం అధ్యక్షురాలు త్రిపురసుందరిగారు మైకులో సెలవిచ్చారు. నిజమే! చీమా దూరలేదు, మా జాన్‌బాబూ దూరలేదు.

ఏడాది నిండినా వాడికి నడక రాలేదు. నేను కనబడకపోతే ఏడుపు. రెండూ రూలుకు విరుద్ధం. వాడికి సీటు లేకపోతే, పెళ్లితో ఆగిన నా ఎస్సెస్సీకి ట్యూషనూ లేదు.

"ఈ రూళ్లని పరీక్షించారాండీ?" అన్నాను బెదురుగా.

"పరీక్షించకేం? మంచి పిల్లల్ని పెట్టి చూశాం. అందరూ ప్యాసే!"

"రాకూడనివాళ్లని పెట్టి చూశారాండీ?"

"రాకూడనివాళ్లు ఎందుకొస్తారమ్మాయ్?"

జల్లెడకు చిల్లి పడిందో లేదో మంచి పిండి పోస్తే ఏం తెలుస్తుంది? కావాలనే నాలుగు పురుగులు వేసి చూడాలి. మర్నాడు మళ్లీ వెళ్లాను.

"మా పక్కింటి శౌరమ్మగారి రాణికి సీటు కావాలండీ."

"నడుస్తుందా?"

"పుట్టిన పూటే నడిచిందండీ!"

"అబ్బో! టీకాలు?"

"డాక్టరుగారే ఇంటికొచ్చి వేశారండీ."

"తిండి?"

"ఆకుకూరలు పచ్చివే నమిలేస్తుంది."

"విటమిన్లు! ఏడుస్తుందా?"

"చుక్క కన్నీరు రాలదండీ."

"సీటిచ్చేశాం! అన్నట్టు, ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు ఇంకెవరైనా ఉంటే పరీక్ష లేకుండానే తీసుకుంటాం. మా చిన్నమనవడు అలాగే చేరాడు. వాడికీ నడక లేదులే!"

ప్రారంభోత్సవం నాడు, చందాలిచ్చిన పెద్దలంతా కుర్చీల్లో ఉండగా, మెడలో గంటతో రాణిని తోలుకెళ్లాను.

"గేదెదూడా!" అధ్యక్షురాలి గొంతు కీచుమంది. "మనిషిపిల్లే కావాలని వేరే చెప్పాలా?"

"రూల్లో లేదండీ."

సీటు రద్దుచేస్తే పదిమందిలో రూళ్లు తప్పని ఒప్పుకోవాలి. ప్రాణం పోయినా ఆ పని చేస్తారా! పెద్దల వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. "మా సంఘానికి జీవకారుణ్యం కూడా ఉందండీ!" చప్పట్లు! రాణి మెడలో దండ వేశారు. రాణి దండ తినేసింది.

"అయితే మా జాన్‌బాబుకీ సీటొచ్చినట్టేనండీ," అన్నాను.

"అదెలా?"

"వాడు తాగేదీ రాణి తల్లి పాలేగా!"

ఇప్పుడు నేను ట్యూషన్‌కు వెళుతున్నాను. జాన్‌బాబు తన అక్కయ్య తోక పట్టుకుని అడుగులు వేయడం నేర్చుకుంటున్నాడు.

రూళ్లు సవరించారట. తోక ఉండరాదని చేర్చారేమోనని భయపడుతూ వెళ్లి చూశాను. అదేం లేదు. కొత్త రూలు ఒక్కటే: "రూళ్లను పరీక్షించరాదు."