జ్ఞానమణి కారుకు నైట్రస్

అబిడ్స్‌లో ఒక బట్టల కొట్టు మీద ఉన్న ఆనంద్ పాల్ ఇంట్లో, ఆదివారం ఆరాధన ముగిశాక కూడే కథలాట సంఘం, కార్ల వేగం పెంచే నైట్రస్ గ్యాస్ వాడే విషయంలో వాస్తవికతను కాపాడాలని తీర్మానించింది. దేశంలో ఇంకెవరూ ఆ భారం మోయడం లేదు కాబట్టి ఇది హర్షించదగ్గ విషయం.

ఆట సులువైనదే. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర అవుతారు. పెద్ద కుర్చీలోని వారు కథ నడుపుతారు. అదృష్టం తేల్చాల్సిన చోట లోకమంతా పాచికలు వేస్తుంది. పాచికలు జూదం కనుక ఈ విశ్వాసులు వాటిని గడప దాటనివ్వలేదు. అపొస్తలులు చీట్లు వేశారు కనుక చీట్లకు అభ్యంతరం లేదు. చిన్న ప్రార్థన చేసుకుని, పాత కానుక సంచిలోంచి తీయాలి.

ఆ వారం ఆటలో అబిడ్స్ పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ దాకా కార్ల పోటీ. ముందు చేరినవారిదే పెద్ద కుర్చీ. ఏళ్ళుగా అందులో ఆనంద్ పాలే ఉన్నాడు. ఈసారి అది ఆయన భార్య జ్ఞానమణికి కావాలి. గంజి వారుస్తూ, బట్టలు ఆరేస్తూ ఆమె ఒక కథ అల్లుకుంది. ఆ కుర్చీ ఎక్కితే తప్ప దాన్ని వినేవాళ్ళు లేరు.

ఆమెకు తమ్ముడి వరసైన విజయ్ కుమార్ కారు మెట్రో పట్టాలెక్కి దూసుకుపోయింది. ధైర్యమని మెచ్చుకున్నారు. మరిది వరసైన మైకేల్ కారు, దారిలోనే లేని హుస్సేన్ సాగర్‌లో మునిగి పొడిపొడిగా తేలింది. కథకు అవసరమన్నారు. అప్పుడు జ్ఞానమణి నైట్రస్ నొక్కింది. ఆ గ్యాస్ ఇంజన్‌లోకి వెళ్తే కారు వేగం ఒక విడతకు రెట్టింపవుతుందని ఆట పుస్తకంలోనే ఉంది.

మైకేల్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "గట్లెట్లయితది వదినా? జర నిజానికి దగ్గరుండాలె గద. ఇంజన్ కరిగిపోతది."

జన్మలో గంటకు నలభై కిలోమీటర్లు దాటి బండి నడపని పెద్దలు ఇంజన్ల గురించి చాలాసేపు ప్రసంగించారు. ఇంజన్ పేలే చీటీ చేర్చారు. జ్ఞానమణి ప్రార్థించి తీసింది. పేలలేదు. సిలిండర్ చల్లబడితే గ్యాస్ రాదన్నారు. ఇంకో చీటీ. గ్యాస్ వచ్చింది.

"ప్రభువు చిత్తమేమో," అని మైకేల్ భార్య కృపాజ్యోతి గొణిగింది. చిత్తం సరే, వాస్తవికత మాటేమిటని మైకేల్ అడిగాడు.

జ్ఞానమణి కారుకు స్టేషన్ కనబడుతోంది.

"అక్కా, ఒక్కటి అడుగుత," అన్నాడు విజయ్ కుమార్. "నిజంగనైతే గీ టైంకు నువ్వు ఏడుంటవ్?"

"వంటింట్ల. చాయ్ పెడుతుంట."

"గదే."

డ్రైవరు చాయ్ పెట్టవలసిన వేళ అయినందున కారు వెనుదిరిగినదని సంఘం తీర్మానించింది.

"మంచిదే," అంది జ్ఞానమణి. "మరి నిజం అందరికీ ఉండాలె గద. పట్టాలెక్కిన తమ్మున్ని పోలీసులు పట్టుకపోవాలె. చెరువుల మునిగిన మరిదికి సమాధి కార్యక్రమం చెయ్యాలె. గవాటికి చీటీ ఏది?"

ఆనంద్ పాల్ మృదువుగా చెప్పాడు: "అవి కథలు, మణీ. ఇది ఇంటి సంగతి."

పొద్దు పోతున్నందున మిగతా కార్లను ఎక్కడివక్కడ ఆపి, పెద్ద కుర్చీలో ఆనంద్ పాలే కొనసాగాలని నిర్ణయించారు. ఆటను నిజానికి దగ్గరగా ఉంచినందుకు ఆయన ముగింపు ప్రార్థనలో దేవునికి స్తోత్రాలు చెల్లించాడు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే ముందు వినబడిన ఆమేన్, అలవాటు కొద్దీ, వంటింట్లోంచి వచ్చింది.