కసుగా స్ప్రింగ్స్‌లో భీమశంకరం స్నానం

ఆ శనివారం ఉదయం దమయంతి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. మొగుణ్ణి కారెక్కించి కసుగా స్ప్రింగ్స్‌కు తీసుకెళ్ళాలి. వేడినీళ్ళలో కూర్చోబెట్టాలి. ఒళ్ళూ మనసూ మెత్తబడ్డాక ఆయనకు థాంక్స్ చెప్పాలి.

వేసవిలో ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. భీమశంకరం రిటైరైన బ్రిడ్జి ఇంజనీరు. డెబ్భై ఏళ్ళు వచ్చేదాకా కాఫీ కలుపుకోవడం కూడా తెలియని మనిషి, ఆ మూడు నెలలూ వంట చేశాడు, గిన్నెలు తోమాడు, పక్కన నిలబడి ఎక్సర్‌సైజులు చేయించాడు. ఆమెకు జడ కూడా వేశాడు. మూడు పాయలు చాలవని నాలుగు పాయలు తీసి, "లోడ్ సమానంగా పడుతుంది" అని సమర్థించుకున్నాడు.

దేశం కాని దేశం వచ్చి బాతెల్‌లో కాపురం పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో దమయంతి తలుపు పట్టుకున్నవాడికి, సరుకుల సంచీ అందించినవాడికి, చివరికి దారి తప్పు చెప్పినవాడికి కూడా థాంక్స్ చెప్పింది. సొంత మొగుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలడం లేదు. "కృతజ్ఞతలు" అంటే శాలువా కప్పాల్సి వస్తుంది. "థాంక్సండీ" అంటే కొట్లో చిల్లర పుచ్చుకున్నట్టు ఉంటుంది.

పైగా ఆయన మనసు బాగాలేదు. ఉగాది సభలో ఆయన ఉపన్యాసం ఎంతకీ తెమలకపోతే, కార్యక్రమం నడుపుతున్న శశికాంత్ మైకు కట్టేశాడు. ఆ శశికాంత్ ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ఒక సెమిస్టరంతా వీళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. ఇప్పుడు పెద్ద ఉద్యోగం. ఉగాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"మనం ఎవరికి గుర్తుంటాం దమయంతీ! నేను పోయినా, వీకెండ్ అయితేనే వస్తారు చూడు" అన్నాడు భీమశంకరం కారు రివర్స్ చేస్తూ.

"పొద్దున్నే ఆ మాటలేమిటండీ" అని ఆమె కసిరింది.

కసుగా స్ప్రింగ్స్ కాస్కేడ్ కొండల అవతల ఉంది. ఎప్పుడో రైలుపట్టాలు వేయడానికి వచ్చిన జపాన్ కుటుంబాలు కట్టుకున్న ఊరు. ఒకటే వీధి. రెండువైపులా చెక్క ఇళ్ళు, వాటి చూరుల కింద కాగితం లాంతర్లు, మురుక్కాలవలోంచి కూడా లేచే ఆవిరి. వీధి మధ్య నాలుగు కర్రల మీద నిలిపిన కప్పు కింద రాతితొట్టి ఉంది. వచ్చేపోయేవాళ్ళు చెప్పులు విడిచి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. పక్కనే ఒకాయన ఆ వేడినీళ్ళలోనే మొక్కజొన్న పొత్తులు ఉడికించి అమ్ముతున్నాడు.

బస చేసే ఇంటి యజమానురాలు ఫుమికో. ఎనభై ఏళ్ళావిడ. పుట్టింది ఆ ఊళ్ళోనే. రిజిస్టర్‌లో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అడిగితే దమయంతి, ఇక్కడికి వస్తున్నామని చెప్పొచ్చిన పక్కింటి శ్రీవల్లి నంబరు ఇచ్చింది. ఫుమికో ఇద్దరికీ ముందువైపు అంచుల్ని ఒకదాని మీద ఒకటి వేసి పట్టీతో కట్టుకునే నూలు అంగీ తలొకటి ఇచ్చి, ముందు స్టూలు మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలని, ఆ తర్వాతే నీళ్ళలో దిగాలని, ఈతబట్టలు పనికిరావని చెప్పింది.

"అంటే... ఏమీ లేకుండానా?" భీమశంకరం గొంతు తగ్గించాడు.

"ఆ నీళ్ళు అందరినీ చూసేశాయి సర్. మీలో కొత్తగా చూసేదేమీ ఉండదు" అందావిడ.

భీమశంకరం గదిలోకి వెళ్ళి అంగీ తొడుక్కుని దర్జాగా బయటికొచ్చాడు. ఆయన్ని చూడగానే ఫుమికో చేతిలోని ట్రే పక్కన పడేసింది. "నో, నో, సర్! కుడి అంచు పైకి రాకూడదు! అలా కట్టేది చనిపోయినవాళ్ళకి!" అంటూ పరుగున వచ్చి, నడుము పట్టీ విప్పి, ఎడమ అంచు పైకి తెచ్చి మళ్ళీ కట్టింది.

"నలభై ఏళ్ళు పంచె నా ఇష్టమొచ్చినట్టు కట్టాను. బతికున్నావా అని ఒక్కడూ అడగలేదు" అని సణుక్కుంటూ భీమశంకరం మగాళ్ళ స్నానాల గదికి కట్టిన నీలం తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

దమయంతికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే గరాజ్ తలుపు వేశారో లేదో అన్న అనుమానం వచ్చింది. వీధిలోకి వచ్చి, ఫోనులో ఒక గీత సిగ్నల్ కనిపించిన చోట నిలబడి శ్రీవల్లికి ఫోన్ చేసింది.

"శ్రీవల్లీ, వినపడుతోందా? మీ అంకుల్‌ని చూసి నాకు... అబ్బ, ఆగట్లేదమ్మా. చచ్చిపోయినవాళ్ళకి కట్టినట్టు బట్ట కట్టేసుకున్నారు! ఈవిడ హడలిపోయి విప్పి మళ్ళీ కట్టింది. ఒళ్ళంతా కడిగాకే నీళ్ళలో దిగనిస్తారట. ఈపాటికి కళ్ళు మూసుకుని హాయిగా పడుకుని ఉంటారు. సరేగానీ, మా గరాజ్ తలుపు తెరిచి ఉందేమో చూడమ్మా, ఎవరైనా వస్తే కష్టం... హలో? హలో?"

లైను తెగిపోయింది. చెప్పాల్సింది చెప్పేశాను కదా అనుకుని ఆమె ఫోన్ సంచీలో పడేసింది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి నూడుల్స్ తిన్నారు. ఇదే అదను అనుకుని దమయంతి గొంతు సవరించుకుంది. "ఏమండీ, ఈ మూడు నెలలూ మీరు..."

"ఆ తొట్టికి వాళ్ళిచ్చిన వాటం చూశావా?" భీమశంకరం కళ్ళు మెరిశాయి. "మోటారు లేదు, పంపు లేదు. కొండ మీంచి నీళ్ళు వాటంతట అవే వస్తున్నాయి. నేను మళ్ళీ వెళ్ళి ఆ పైపు సంగతి చూసొస్తా." చాప్‌స్టిక్స్ అక్కడ పడేసి లేచి వెళ్ళిపోయాడు.

దమయంతి వీధిలోకి వచ్చి, మొక్కజొన్న పొత్తు కొనుక్కుని, రాతితొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. వేడి పిక్కల్లోంచి మోకాలి దాకా పాకుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. సాయంత్రం చెబుదాంలే అనుకుంటుండగా ఒక కారు కీచుమని ఆగింది. అందులోంచి శశికాంత్ దిగాడు. తెల్ల చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. పరుగెత్తుకొచ్చి ఆమె పక్కన రాతి మీద కూలబడ్డాడు.

"ఆంటీ! గిట్లెట్ల అయింది ఆంటీ! నాకొక్క మాట చెప్పే చాన్స్ ఇయ్యకుండ పోయిండు."

"ఎవరు బాబూ?"

"అంకులే, ఆంటీ! శ్రీవల్లి ఫోన్ చేసి చెప్పింది. గా మైకు బంద్ చేసిన పాపం నన్ను వదుల్తదా?"

దమయంతి చేతిలోని పొత్తు నీళ్ళలో పడింది. రిజిస్టర్‌లో శ్రీవల్లి నంబరు ఇచ్చింది తనే. ఆయనకు నీళ్ళలో ఏదో అయింది. తన ఫోన్ పలకలేదు. ఇక్కడివాళ్ళు శ్రీవల్లికి చెప్పారు. తనేమో ఇక్కడ కూర్చుని మొక్కజొన్న తింటోంది! రెండు గంటల పైచిలుకు దారి, శశికాంత్ ఇంతలో ఎలా వచ్చాడన్న లెక్క ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

ఆమె పరుగెత్తింది. ఇంట్లో మెట్టు మెట్టుకూ ఆగే మనిషి, చెప్పులు కూడా లేకుండా ఆ రాళ్ళ వీధిలో పరుగెత్తింది. "మేడమ్! మేడమ్!" అని ఫుమికో అరుస్తున్నా ఆగకుండా నీలం తెర తోసుకుని లోపలికి దూరింది. తొట్టిలో ఒక మూల ఉన్న తెల్లాయన గబుక్కున ముక్కుదాకా మునిగిపోయాడు. రెండో మూల భీమశంకరం నెత్తిన తువ్వాలు మడత పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రాతికి జారగిలబడి ఉన్నాడు. కదలడం లేదు.

"ఏమండీ!"

భీమశంకరం ఉలిక్కిపడి గుక్కెడు నీళ్ళు తాగాడు. "దమయంతీ! ఇది మగాళ్ళ వైపే!"

ఆమె ఒళ్ళు కడుక్కునే స్టూలు మీద కూలబడి భోరుమంది. ఇన్నాళ్ళూ గొంతు దాటని మాట ఒక్కసారిగా తెగి వచ్చింది. "మీరు వండిన ఉప్పు లేని పప్పు తిన్నాను. ఒక్కనాడూ బాగుందని చెప్పలేదు. రాత్రిళ్ళు నా కాలు నొప్పి పుడితే మీరు లేచి కూర్చునేవారు. నేను నిద్ర నటించేదాన్ని, మీరు పడుకుంటారని. ఆ దిక్కుమాలిన నాలుగు పాయల జడ... అది నాకు ఎంత బాగుందో మీకు తెలీదు. మీరు లేకపోతే నేనేం కావాలండీ? థాంక్సండీ. వింటున్నారా? థాంక్స్."

భీమశంకరం నెత్తిన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మూలనున్న తెల్లాయనకు తెలుగు రాదు కానీ, మర్యాదకొద్దీ అటు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఉప్పు లేదని అప్పుడే చెప్పొచ్చు కదే" అన్నాడు భీమశంకరం.

అప్పుడే తెర మళ్ళీ ఎగిరింది. గుమ్మంలో శశికాంత్. ఆవిరిలో భీమశంకరం తల కనబడగానే, "అంకుల్!" అని గావుకేక పెట్టి, చొక్కా, ప్యాంటు, బూట్లతో సహా నీళ్ళలోకి దూకి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"వదలరా! బట్టల్లేవురా నాకు!"

"షూస్! షూస్!" అని బయటినుంచి ఫుమికో ఆర్తనాదం చేసింది.

భీమశంకరం దొరికిన అంగీ ఎలాగోలా చుట్టుకుని వీధిలోకి వచ్చేసరికి అక్కడ ఏడు కార్లు ఆగి ఉన్నాయి. బాతెల్ తెలుగువాళ్ళలో సగంమంది దిగుతున్నారు. ఒకరి చేతిలో పులిహోర డబ్బా, ఒకరి చేతిలో పెరుగన్నం, ఒకరి చేతిలో గులాబీల దండ. ముందు నిలబడ్డ శ్రీవల్లి ఆయన్ని చూసి కెవ్వుమంది.

"ఆంటీ, మీరేగా చెప్పారు! ఏడుస్తూ ఫోన్ చేశారు. 'అంకుల్... చచ్చిపోయిన... బట్ట... ఒళ్ళంతా కడిగాకే... కళ్ళు మూసుకుని... గరాజ్ తలుపు తెరిచి... వస్తే...' ఇంతే వినపడింది. వచ్చినవాళ్ళకి గరాజ్ తెరిచి ఉంచమన్నారనుకుని కుర్చీలు కూడా వేయించాను!"

"ఏడవలేదమ్మా, నవ్వాను!" అంది దమయంతి.

ఇంతలో ఫుమికో జనాన్ని తోసుకుంటూ వచ్చి భీమశంకరం అంగీ పట్టుకుంది. కంగారులో మళ్ళీ కుడి అంచే పైకి చుట్టాడు. "ఎన్నిసార్లు చెప్పాలి సర్! ఇది చనిపోయినవాళ్ళ పద్ధతి!"

"చూశారా! ఈవిడ కూడా అదే అంటోంది!" అంది శ్రీవల్లి.

తెచ్చిన భోజనం ఎలాగూ ఉంది. అందరూ రాతితొట్టి చుట్టూ చేరి, ప్యాంట్లు మడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు. పేపర్ ప్లేట్లలో పులిహోర తిరిగింది. ఫుమికో రెండుసార్లు వడ్డించుకుని, మీవాళ్ళలో ఒకరు స్నానానికి వస్తే ఇంతమంది అన్నం పట్టుకొస్తారా అని ఆశ్చర్యపోయింది. తిన్నంతసేపూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. మంచులో ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి తమను ఇంటికి తీసుకెళ్ళింది అంకులేనని ఒకరు, పాపకు జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చున్నది ఆంటీయేనని ఒకరు. దారంతా కార్లలో చెప్పుకుంటూ వచ్చిన మాటలవి. ఆపడం వాళ్ళకు చేతకాలేదు.

శశికాంత్ ఫుమికో ఇచ్చిన అంగీలో ముడుచుకుని కూర్చున్నాడు. "అంకుల్, మాట్లాడుండ్రి. ఎంతసేపైనా సరే. ఇయ్యాల ఎవ్వరు ఆపరు."

భీమశంకరం లేచాడు. చుట్టూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "వచ్చారు. థాంక్స్" అని కూర్చుండిపోయాడు. ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అదొక్కటే. దమయంతి నీళ్ళ అడుగున ఆయన పాదం మీద తన పాదం ఆనించింది. ఆయన కదల్చలేదు.

శ్రీవల్లి తప్పు దిద్దుతూ పంపిన ఈమెయిల్ చేరవలసిన అందరికీ చేరలేదు. సోమవారం పొద్దున్న గుడి ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. భీమశంకరంగారి పన్నెండో రోజు భోజనాలకు హాలు ఎన్నింటికి కావాలని ఎంతో మెల్లగా, ఎంతో బాధగా అడిగారు.

భీమశంకరం ఒక్క నిమిషం ఆలోచించి, పన్నెండున్నరకి చాలునని, గారెలు మాత్రం వేడిగా ఉండేట్టు చూడమని చెప్పాడు.