ఎడమకాలి వంతు

"ఇవాళ్టినుంచీ మన లిండెన్‌బాఖ్ సంస్థానంలో ఏ కాలూ ఇంకో కాలికన్నా ఎక్కువ కాదు!" అని తపాలా మంత్రి బారన్ హోల్ట్‌సెన్‌గారు మా పోస్టు సత్రం ముందర బీరు పీపా ఎక్కి ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ సత్రం వంటింట్లోనే నా జుట్టు నెరిసింది. ఎందరో మంత్రులకు సాసేజీలు వేయించి పెట్టాను గానీ, కాళ్ళ గురించి ఇంత లోతుగా ఆలోచించిన మహానుభావుణ్ణి ఎరగను.

సంగతేమిటంటే, మా మనవడు బార్తెల్ తపాలా బండి తోలతాడు. బండి మీద కూర్చుని కాదు, జోడు గుర్రాల్లో ఎడమదాని మీదెక్కి. అప్పుడు వాడి కుడికాలు ఆ గుర్రానికీ, రెండు గుర్రాల నడుమ ఉండే బండి నొగకీ మధ్య పడుతుంది. గుర్రం బెదిరి పక్కకి తూలిందా, ఎముక నుగ్గే. అందుకే కుడికాలికి మాత్రం ఇనపపట్టీల బూటు, గంజి కుండంత. తాతలనాటి ఆచారం.

మంత్రిగారు ఆ బూటు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

"ఎడమకాలు ఏం పాపం చేసిందోయ్?"

"దాని పక్కన గాలి తప్ప ఏం లేదు కదండీ దొరగారూ" అన్నాడు బార్తెల్.

"గాలిని నమ్మి కాలు వదిలేస్తావా!"

"పోనీ రెండో బూటు కూడా ఇప్పించండి బాబూ" అన్నాను నేను.

"ఖజానా సంగతి నీకేం తెలుసు అవ్వా? ఉన్న బూటే. ఓ వారం కుడికాలికి, ఓ వారం ఎడమకాలికి."

"అయితే ఎడమ వారంలో వీణ్ణి కుడి గుర్రమెక్కనివ్వండి. అప్పుడు నొగ పక్కనుండేది ఎడమకాలే."

మంత్రిగారు నావంక జాలిగా చూశారు. "గుర్రాల సమానత్వానికి వేరే కమిటీ ఉందమ్మా. వాళ్ళింకా కూర్చోలేదు."

ఎడమ వారం రానే వచ్చింది. బార్తెల్ బండి తోలనన్నాడు. "అయితే తపాలా కోటూ, ఊదే బూరా అక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు మంత్రిగారు. కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వాడు నావంక చూశాడు. ఇనప బూటు ఎడమకాలికి తొడుక్కుని గుర్రమెక్కాడు. తన చట్టం కళ్ళారా చూసుకోవాలని మంత్రిగారే బండిలో కూర్చున్నారు.

దేవదారు మలుపు దిగుతుండగా పొదలోంచి అడవిపంది అడ్డమొచ్చింది. గుర్రాలు బెదిరాయి.

సాయంత్రానికి వైద్యుడు బార్తెల్ కాలు మోకాలి కింద తీసేశాడు. కుడికాలే.

మర్నాడు మంత్రిగారు పత్రికలవాళ్ళని వెంటబెట్టుకుని మంచం దగ్గరికొచ్చారు. దుప్పటి ఎత్తి చూపించారు.

"చూడండయ్యా! ఎడమకాలికి గీత కూడా పడలేదు. ఇంత ప్రమాదంలో! ఏ ప్రభుత్వమైనా ఎడమకాలిని ఇలా కాపాడిందా?"

పత్రికలవాళ్ళు రాసుకున్నారు. ఇవతల నేను వాళ్ళకి కాఫీ పోశాను.

సోమవారం పొద్దున్నే తపాలా బంట్రోతు వచ్చి, వారం తిరిగేదాకా తీయకూడదని బార్తెల్ ఎడమకాలికే ఉంచిన బూటు విప్పాడు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"ఈ వారం కుడికాలి వంతు అవ్వా" అని, ఆ ఇనప బూటుని మంచంమీద కుడికాలు ఉండాల్సిన చోట జాగ్రత్తగా నిలబెట్టి, దుప్పటి కప్పి వెళ్ళిపోయాడు.