పదిహేడు బంగారు కాళ్ళు

కోడలు తొమ్మిదింటికి బయటికి వెళ్ళి మూడింటికి వస్తుంది. పని పదిహేను నిమిషాలది. మిగిలిన ఐదూ ముప్పావు గంటల్లో భోజనం చేసి ఒక కునుకు కూడా తీయవచ్చు. ఆ ఉదయం టైపు మాస్టారు వేసుకున్న ప్రణాళిక అంతే.

ఆయన ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్లు అటకెక్కాయి గానీ ఆయన ఎక్కలేదు, కంప్యూటర్లలో పడ్డారు. వాటి గురించి ఆయనకు లేని అభిప్రాయం లేదు. నొక్కితే చప్పుడు రాని కీబోర్డు, పిలిస్తే పలకని మనిషితో సమానం. ఇంట్లోకి వచ్చినట్టే పెట్టెలోకీ గాలి ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోవాలి. అప్‌డేటు అనేది చెప్పకుండా వచ్చే చుట్టం. లోపలికొచ్చి కాళ్ళు చాపుకున్నాక "రావచ్చా" అని అడుగుతుంది. తన సొంత కంప్యూటర్లో ఆయన ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నారు. అందులోకి వైరస్ రాదు. కోడలు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరూ రాదు, ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తరు.

భార్య పోయాక ఈ అభిప్రాయాలను చివరిదాకా వినే మనిషి కోడలొక్కతే మిగిలింది. కొడుకుది ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి కనబడతాడు. ఆ పిల్ల మాత్రం కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ర్యామ్ గురించీ డిస్కు గురించీ అన్నీ వినేది. వింటున్నట్టు నటించేది కాదు, మధ్యలో ప్రశ్నలు కూడా వేసేది. దేవుడు ఒక చేత్తో తీసుకున్నా రెండో చెయ్యి పూర్తిగా మూసేయలేదని మాస్టారు అప్పుడప్పుడూ అనుకునేవారు.

"మామయ్యగారూ, గోడాయన నాలుగున్నరకి ఇక్కడికే వస్తానన్నారు," అంది కోడలు చెప్పులు వేసుకుంటూ.

కోడలు ఆఫీసు మానేసి సొంతంగా భవనాల నమూనాలు గీయడం మొదలుపెట్టాక దొరికిన మొట్టమొదటి క్లయింటు ఈ గోడాయన. ఆయన పేరేమిటో, చేసే పనేమిటో మాస్టారు ఎప్పుడూ అడగలేదు. ఆయన గోడ గొడవ ఇంట్లో రోజూ వినబడుతూంటే పేరుతో అవసరమేముంది?

"ఇంకా అడ్డుగోడే కావాలంటున్నాడా?"

"అడ్డుగోడే. బయట కూర్చున్నవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో కనబడకపోతే కంగారుపడతారండీ, సగం దాకా అద్దం పెడదాం అంటే వినరు. నా అద్దం నమూనా పక్కన పడేసి, ఆయన అడిగినట్టే గోడ పెట్టి గీశాను. ఇదీ నచ్చకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారట."

"నచ్చుతుందిలేమ్మా."

"నాకే నచ్చలేదు, ఆయనకేం నచ్చుతుంది," అని తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది.

మాస్టారిని మూడు రోజులుగా తొలుస్తున్నది గోడ కాదు, కోడలి కంప్యూటరు. తెర మీద ఆ భవనంలోకి నడిచి వెళ్ళే బొమ్మ వేసినప్పుడల్లా అది కొండెక్కిన ముసలాడిలా రొప్పుతోంది. రెండో గది గుమ్మంలో బొమ్మ ఆగిపోయి నిలబడుతోంది. గోడాయన ఎదుట అలా ఆగితే పిల్ల పరువేం కావాలి? రోగం ఆయనకు తెలుసు. ప్రాసెసరుకీ, దాని మీద కూర్చునే ఫ్యాను దిమ్మకీ మధ్య రాసే పేస్టు ఎండిపోయింది. పాతది తుడిచి కొత్తది ఆవగింజంత పెడితే చాలు. బఠాణీ గింజంత పెట్టేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారు, వాళ్ళని చూసి ఆయన జాలిపడతారు.

ఎండిన పేస్టు జిగురుతో సమానమనీ, విప్పే ముందు కంప్యూటరును పది నిమిషాలు నడిపించి వేడెక్కించాలనీ, ఆ తర్వాత దిమ్మను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలనీ ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. బస్సులో పక్క సీటాయనకు కూడా చెప్పారు. ఊరందరికీ పంచిన ఆ జ్ఞానం ఆ ఉదయం ఇంట్లో మిగల్లేదు. రాత్రంతా చల్లారి పడున్న దిమ్మను పట్టుకుని నిలువునా పైకి లాగారు.

తాళం వేసిన గదిలోంచి మనిషి ఊడి వచ్చినట్టు, ప్రాసెసరు దిమ్మకు అంటుకుని బయటికి వచ్చేసింది. ఆయన "అయ్యో" అనుకునేలోగా దిమ్మను వదిలి నేల మీద పడింది. తీసి చూశారు. అడుగున వెంట్రుకంత సన్నటి బంగారు కాళ్ళు, బారులు తీరి, వెయ్యీ మూడు వందల పైచిలుకు. ఓ మూల పదహారు కాళ్ళు గాలికి వాలిన నారులా ఒక పక్కకి ఒరిగాయి.

అంత ఆందోళనలోనూ ఆయన ఒక్క క్షణం చూస్తూ ఉండిపోయారు. అరచేతిలో సగం లేదు. అందులో ఒక భవనం, దాని గదులు, కిటికీలు, నేల మీద పడే ఎండ కూడా పుడతాయి. దాన్ని ఇప్పటిదాకా ఎన్నిసార్లు దిమ్మ కింద కప్పారో గానీ, ఇలా కాళ్ళు చూసింది లేదు.

తర్వాత భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. రెండు గంటలు కష్టపడి రెండు కాళ్ళు సరిచేశారు, చెయ్యి వణికి మూడు వంచారు. లెక్క పదిహేడుకి వచ్చింది. ఒక్కటి విరిగినా ఇక ప్రాసెసరు పనికిరాదు. అలాంటిది ఈ ఊళ్ళో దొరకదు, తెప్పించడానికి వారం. డిస్కు భద్రంగానే ఉంది, కానీ అందులో బొమ్మ తెరవడానికి తన కంప్యూటరుకి ఆ సాఫ్ట్‌వేరు అంటదు. తన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది.

పిప్పరమెంటు డబ్బాలో దూది పరిచి ప్రాసెసరును పడుకోబెట్టారు. గడియారాలు బాగుచేసే దుకాణానికి పరుగెత్తారు. శుక్రవారం సెలవు. తలెత్తి దేవుడికి చెప్పుకోబోతే, దుకాణం పై అంతస్తులో నవ్వుతున్న పన్ను బొమ్మతో ఒక బోర్డు కనబడింది. కంటికి అద్దాలు తగిలించుకుని, ఇరుకు సందుల్లో, వణకని చేత్తో సన్నటివి సరిచేసే మనిషి ఇంకెవరు? వెంటనే ఇంటికొచ్చి, కోడలు కంగారుపడకూడదని విప్పిన కంప్యూటరు పక్కనే ఒక చీటీ రాసి పెట్టారు: "పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. కంగారు పడకు." ఆ కంగారులో ఫోను చీటీ పక్కనే మరచిపోయారు.

క్లినిక్కులో ఏడుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. బల్ల వెనక నర్సమ్మ తలెత్తకుండా అడిగింది.

"ఏ పన్ను?"

"డాక్టరుగారితో ఒక్క మాటమ్మా."

"పన్ను నొప్పి ఉన్నవాళ్ళతోనే ఆయన మాట్లాడతారు."

"అయితే ఉంది."

"పైదా, కిందదా?"

మాస్టారు ఆలోచించారు. "మధ్యది."

నర్సమ్మ తలెత్తి, జాలిగా చూసి, పెద్దవాడని ముందు పంపింది. అప్పుడు రెండున్నర.

డాక్టరు ఆయన్ని కుర్చీలో వెల్లకిలా వాల్చి నోరంతా గాలించారు. "పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. నొప్పి ఎక్కడ?"

"జేబులోనండీ," అన్నారు మాస్టారు.

డబ్బా తెరుచుకుంది. జరిగినదంతా చెప్పి, తిట్లు తినడానికి సిద్ధపడి కళ్ళు మూసుకున్నారు. తిట్లు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే, డాక్టరు పెద్ద దీపం కింద ప్రాసెసరును పెట్టి, కళ్ళకు అద్దాలు తగిలించుకుని, ఊపిరి బిగపట్టి చూస్తున్నారు.

"ఎన్ని ఉన్నాయి ఇవి?"

"వెయ్యీ మూడు వందల పైచిలుకు."

"ముప్పై రెండింటితోనే నేను పాతికేళ్ళుగా చస్తున్నాను," అన్నారు డాక్టరు నెమ్మదిగా. "మనుషులేనా చేసింది దీన్ని?"

"మనుషులేనండీ. కొన్ని కాళ్ళు కరెంటు తెస్తాయి, కొన్ని కబురు తెస్తాయి. ఈ కాలు తెచ్చిన కబురు పక్క కాలికి తెలియదు. లోపల మాత్రం అన్నీ కలిసి ఒకే మాట అవుతాయి."

"మా ఇంట్లో నలుగురం. ఒక్క మాట కాదు." డాక్టరు సన్నటి కొక్కెం ఒకటి తీసుకున్నారు. "కదలకండి. అంటే, మిమ్మల్ని కాదు."

అలా మొదలైంది. ఒక్కో కాలునూ ఆయన ఊపిరికి కందుతుందేమో అన్నంత మెత్తగా లేపుతున్నారు. కుర్చీలో పడుకునే మాస్టారు తన అభిప్రాయాలు గుసగుసగా చెబుతున్నారు. గట్టిగా మాట్లాడితే కాలు విరుగుతుందని ఇద్దరికీ భయం. పేస్టు ఆవగింజంత అంటే డాక్టరు తల ఊపారు, పంటికి పెట్టే సిమెంటు కూడా అంతేనట. మాస్టారు ఆ చేతులనే చూస్తున్నారు. ఎవరిదో వస్తువు, ఎవరి తప్పో, ఎవరి కోడలి కోసమో. అయినా ఆ వేళ్ళు సొంత బిడ్డ కంట్లో నలుసు తీస్తున్నట్టున్నాయి.

పదమూడో కాలు దగ్గర నర్సమ్మ తలుపు తీసింది. "సార్, బయట ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోవడమేంటి? ఏడుగురు కదా."

"నొప్పి తగ్గిందట. ఒక్కొక్కళ్ళే లేచిపోయారు."

"ఏడుగురికీనా?"

"పెద్దాయన లోపలికెళ్ళి గంట దాటింది. చప్పుడు లేదు, మూలుగు లేదు. కనీసం అరిచినా బాగుండేది, ఉన్నాడని తెలిసేది అన్నారు ఒకాయన. ఈ తలుపూ గోడా తప్ప వాళ్ళకేం కనబడుతుంది? నాకే భయమేసి తలుపు తీశాను."

డాక్టరు ఏదో అనబోయేంతలో ఆయన ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు. నర్సమ్మ ఫోను తీసి స్పీకరు నొక్కి పట్టుకుంది.

"నమస్కారమండీ, ఈ రోజు నమూనా చూపించలేనేమోనండీ," అంది అవతలి గొంతు.

మాస్టారు కుర్చీలో లేచి కూర్చున్నారు.

"ఏమైందమ్మా?"

"మా మామయ్యగారికి ఒంట్లో బాగాలేదు. నా కంప్యూటరు బాగుచేస్తూ చేస్తూ మధ్యలో అన్నీ వదిలేసి వెళ్ళిపోయారు. ఎంత నొప్పో పాపం, ఫోను కూడా పట్టుకెళ్ళలేదు. ఆయన్ని వెతకాలండీ."

"నొప్పి ఎక్కడ?"

"పన్ను నొప్పండీ. పళ్ళ డాక్టరు దగ్గరికని చీటీ రాశారు. ఏ డాక్టరో రాయలేదు. మీ దగ్గరికేమైనా వచ్చారా?"

డాక్టరు అద్దాలలోంచి మాస్టారిని చూశారు. ఆ అద్దాలలో ఆయన కళ్ళు కోడిగుడ్లంత ఉన్నాయి. మాస్టారికి అప్పుడు తెలిసింది, తను గంటకు పైగా గోడాయన కుర్చీలో పడుకుని ఉన్నానని.

"మా కోడలండీ," అన్నారు నీరసంగా.

"మీ మామగారు నా దగ్గరే ఉన్నారమ్మా," అన్నారు డాక్టరు ఫోనులోకి. "ఇంకా నాలుగు ఉన్నాయి."

"నాలుగు పళ్ళు తీసేస్తున్నారా?"

"తీయడం లేదు, నిలబెడుతున్నాను. నాలుగున్నరకి అన్నట్టే వస్తాను. ఆయన్నీ తీసుకొస్తాను."

కోడలు తలుపు తీసేసరికి గుమ్మంలో మామగారు దోషిలా నిలబడి ఉన్నారు. పక్కన క్లయింటు, రెండు చేతుల్లో పిప్పరమెంటు డబ్బాతో. "పన్ను ఎలా ఉంది మామయ్యగారూ?" అని అడిగింది. ఆయన నేల చూపులు చూస్తూ నిజం మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశారు. కోడలు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఆమె పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. తిట్టినా బాగుండునని మాస్టారికి అనిపించింది.

ప్రాసెసరును మాస్టారు గూట్లో దించారు. బలం వేయలేదు, దానంతటదే దిగి కూర్చుంది. పేస్టు డాక్టరు రాశారు, ఆవగింజ కంటే ఎక్కువ కాదు, తక్కువ కాదు. మీట నొక్కారు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ముగ్గురూ నిలబడి చూస్తున్నారు. కోడలు రెండు చేతులూ నలుపుకుంటోంది. ఆఫీసు మానేశాక పడ్డ ఎనిమిది నెలల కష్టం ఆ నల్లటి తెర వెనక ఉంది.

తెర మీద వెలుగు వచ్చింది. వెయ్యీ మూడు వందల కాళ్ళు మళ్ళీ ఒకే మాట మీద నిలబడ్డాయి. డాక్టరు అప్రయత్నంగా చేతులు జోడించారు.

కోడలు నమూనా తెరిచింది. బొమ్మ రొప్పకుండా, ఎక్కడా ఆగకుండా గుమ్మం దాటి, రోగులు కూర్చునే హాలులోకి నడిచి వెళ్ళింది. ఎదురుగా గోడ. నిండుగా, నున్నగా, అడిగింది అడిగినట్టు.

డాక్టరు దాన్ని చాలాసేపు చూశారు.

"ఈ గోడ బాగాలేదమ్మా," అన్నారు.

కోడలు తల వంచుకుంది. మాస్టారు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"బయట కూర్చున్నవాళ్ళకి లోపలున్న మనిషి కనబడాలి," అన్నారు డాక్టరు, ఈ సంగతి లోకంలో తనకే మొదట తట్టినట్టు. "బతికే ఉన్నాడని తెలియాలి. సగం దాకా అద్దం పెడితే ఎలా ఉంటుంది? మీరెప్పుడూ అలా ఆలోచించలేదా?"

 మూడు వారాల వాదన కోడలి పెదవుల దాకా వచ్చి, బుద్ధిగా వెనక్కి వెళ్ళింది. "మీరు చెబితే ఇప్పుడు తడుతోందండీ," అని, పక్కన పడేసిన రెండో నమూనా తెరిచింది.

డాక్టరు తెర మీద ఆ అద్దంలోంచి అటువైపూ, అటు నుంచి ఇటువైపూ నాలుగుసార్లు నడిచారు. అయిదోసారి నడిచాక, వచ్చే వారం పని మొదలుపెట్టమని చెప్పి లేచారు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగింది.

"ఇంకెప్పుడూ నీ కంప్యూటరు ముట్టుకోనమ్మా," అన్నారు మాస్టారు.

"ముట్టుకోండి మామయ్యగారూ," అంది కోడలు కంప్యూటరు పెట్టె మూత బిగిస్తూ. "విప్పే రోజు మాత్రం ముందే చెప్పండి. ఇంకో మొండి క్లయింటు ఉన్నాడు."